ఇరవై నిండని చేతికి లారీ స్టీరింగు: బోధన్ చక్కెర సీమ దృష్టితో ఒక సమీక్ష

ఇరవై ఏళ్లు నిండని కుర్రవాళ్లకు సరుకు రవాణా లారీలను, అందులోనూ రాష్ట్రాల సరిహద్దులు దాటి రాత్రింబవళ్లు సాగే దూరప్రయాణపు లారీలను నడిపే హక్కు ఉండాలా వద్దా అన్న ప్రశ్న అమెరికాలోనూ ఐరోపాలోనూ రెండు దశాబ్దాలుగా చట్టసభల ముందుకు వస్తూనే ఉంది. మన దేశంలో మాత్రం అది పెద్దగా చర్చకు రాకుండానే రోడ్ల మీద తనకు తోచిన జవాబు వెతుక్కుంటోంది. నిజామాబాద్ పట్టణం, బోధన్ చక్కెర సీమ, నిజాంసాగర్ కాలువ నీటితో పండే వర్ని, చందూర్, రుద్రూర్, కోటగిరి పల్లెలు ఈ ప్రశ్నను దగ్గరగా పరిశీలించడానికి తగిన నేల. జిల్లా తూర్పు భాగం మీదుగా హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ వైపు 44వ జాతీయ రహదారి పోతుంది. బోధన్, నిజామాబాద్, ఆర్మూర్, జగిత్యాలలను కలుపుతూ 63వ జాతీయ రహదారి సాగుతుంది. సాలూర దగ్గర మంజీర దాటితే మహారాష్ట్ర. వానాకాలం, యాసంగి రెండు పంటల వడ్లు, మిల్లుల బియ్యం, నిజామాబాద్ మార్కెట్ యార్డు నుంచి పోయే పసుపు, ఒకప్పుడు బోధన్ ఫ్యాక్టరీకి, ఇప్పుడు అంతకంటే దూరానికి పోతున్న చెరకు, ఇవన్నీ చక్రాల మీదే కదలాలి. ఆ చక్రాలను నడిపేవాళ్లలో మీసాలు కూడా సరిగా రానివాళ్లు ఉంటారన్నది ఇక్కడి ఊళ్లలో ఎవరికీ కొత్త సంగతి కాదు.

ముందుగా చట్టం ఏమంటుందో చూడాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 4వ సెక్షన్ ప్రకారం బహిరంగ ప్రదేశంలో మోటారు వాహనం నడపడానికి 18 ఏళ్లు నిండాలి. 50 సీసీకి మించని ఇంజనున్న ద్విచక్ర వాహనానికి 16 చాలు. రవాణా వాహనానికి మాత్రం 20 నిండాలి. రవాణా వాహనమంటే చట్టం దృష్టిలో సరుకు మోసే బండి, కిరాయికి ప్రయాణికులను ఎక్కించుకునే బండి, విద్యాసంస్థ బస్సు వంటివి. అంటే 13 నుంచి 19 ఏళ్ల మధ్య వయసువాడెవడూ ఈ దేశంలో చట్టబద్ధంగా లారీ నడపలేడు. ఈ 20 ఏళ్ల గీత 1988లో గీసినది కూడా కాదు. అంతకుముందున్న 1939 నాటి చట్టంలోనే అది ఉంది. లారీ బరువు మారింది, రోడ్డు మారింది, వేగం మారింది, గీత మాత్రం గీసిన చోటే నిలిచింది. దాన్ని ఇటో అటో జరపాలనేవారు మొదట గమనించవలసింది ఏమిటంటే, ఆ గీతకు అవతల కుర్రవాడి కోసం చట్టం ఏ ఏర్పాటూ చేసి పెట్టలేదు.

ఆ మాట కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఒక తరగతి వాహనం నడపడానికి వయసు చాలనివాడికి ఆ తరగతిలో లెర్నింగ్ లైసెన్సు, అంటే నేర్చుకునే దశలో ఇచ్చే తాత్కాలిక అనుమతి కూడా ఇవ్వకూడదని అదే 4వ సెక్షన్ మూడో ఉపవిభాగం చెబుతుంది. రవాణా వాహనానికి లెర్నింగ్ లైసెన్సు కావాలంటే అంతకుముందు కనీసం ఏడాదిపాటు తేలికపాటి మోటారు వాహనపు లైసెన్సు ఉండి తీరాలని 7వ సెక్షన్ చెబుతుంది. ఈ రెండూ కలిపి చదివితే తేలేదేమిటంటే, 18 నిండగానే కారు లైసెన్సు తీసుకున్న యువకుడికి మరో రెండేళ్లు లారీ స్టీరింగు పట్టుకుని నేర్చుకోవడానికి కూడా వీల్లేదు. 20 నిండిన మర్నాడు లెర్నింగ్ లైసెన్సు తీసుకుని 30 రోజులు గడిచాక పరీక్షకు హాజరై నెగ్గితే మాత్రం 28.5 టన్నుల స్థూల బరువున్న మూడు ఇరుసుల లారీని కన్యాకుమారి దాకా ఒంటరిగా తీసుకుపోవచ్చు. స్థూల బరువంటే బండి, సరుకు కలిపి అనుమతించిన మొత్తం బరువు. 2018 దాకా ఇది మూడు ఇరుసుల బండికి 25 టన్నులుండేది, ఆ ఏడాది కేంద్రం పెంచింది. నిన్నటిదాకా ముట్టుకోవడమే నేరమైనది ఒక్క నెలలో పూర్తి హక్కుగా మారే ఈ పద్ధతికి, వయసు పెరిగిన కొద్దీ బుద్ధి నిలకడ పొందుతుందన్న ఆశ తప్ప మరో ఆధారం కనిపించదు.

ఒకప్పుడు ఈ మెట్లు కొంత నయంగా ఉండేవి. మధ్యతరహా సరుకు వాహనం, మధ్యతరహా ప్రయాణికుల వాహనం, భారీ సరుకు వాహనం, భారీ ప్రయాణికుల వాహనం అని చట్టంలో నాలుగు తరగతులుండగా, 1994 సవరణ వాటన్నిటినీ తీసేసి ‘రవాణా వాహనం’ అన్న ఒకే తరగతి పెట్టింది. చిన్న బండి మీద చేయి తిరిగాక పెద్ద బండికి వెళ్లాలన్న క్రమాన్ని చట్టం పాఠం నుంచి ఈ సవరణ చెరిపేసింది. ఆ తరువాత తేలికపాటి వాహనపు లైసెన్సుతో 7,500 కిలోలకు మించని రవాణా వాహనం నడపవచ్చా అన్న వివాదం బీమా కేసుల రూపంలో ఏళ్లతరబడి నడిచి, 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో సుప్రీంకోర్టు నడపవచ్చునంది. 2024 నవంబరు 6న రంభాదేవి కేసులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ మాటనే నిలబెట్టింది. బతుకుతెరువు కోసం చిన్న ట్రాలీలు నడుపుకునే లక్షలమందికి ఇది ఊరట. అయితే ఆ తీర్పు లైసెన్సు తరగతికి సంబంధించినది. 4వ సెక్షన్‌లోని 20 ఏళ్ల షరతు పాఠం అలాగే ఉంది కాబట్టి 18, 19 ఏళ్లవాడు చిన్న సరుకు బండి నడపడం మీద ఉన్న సందిగ్ధం పూర్తిగా తొలగిపోలేదు.

శిక్షణ సంగతి ఇంకా పేలవంగా ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం డ్రైవింగ్ స్కూలు మధ్యతరహా, భారీ రవాణా వాహనాలకు ఇవ్వవలసిన శిక్షణ కనీసం 30 రోజులు, అందులో స్టీరింగు మీద గడపవలసిన కాలం 15 గంటలు. 2021లో గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకు వేరే నియమాలు వచ్చి, భారీ వాహనాల కోర్సును పాఠంతో సహా 38 గంటలకు పెంచాయి. పక్కనే రాజన్న సిరిసిల్ల జిల్లా మండెపల్లిలో అశోక్ లేలాండ్ భాగస్వామ్యంతో నడిచే శిక్షణ సంస్థ వంటివి ఈ వరవడిలో మేలైనవే గాని, వర్ని, చందూర్ వైపు పల్లెల నుంచి డ్రైవరైనవాళ్లలో ఎక్కువమంది అటువంటి గడప తొక్కి డ్రైవర్లైనవాళ్లు కారు. వాళ్ల బడి వేరే ఉంది. దాని పేరు క్లీనర్ సీటు.

ఆ బడిని అర్థం చేసుకోవాలంటే చక్కెర సీమ రవాణా చరిత్రలోకి కొంచెం వెళ్లాలి. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ ప్రాంతానికి కాలువ నీరిచ్చింది. ఆ నీటిని నమ్ముకునే 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసి, ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. చెరకు ముందు ఎడ్లబండ్ల మీద, తరువాత ట్రాక్టర్ల మీద, లారీల మీద ఫ్యాక్టరీకి చేరేది. 2002లో ఫ్యాక్టరీలో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో బోధన్, మెట్‌పల్లి, మెదక్ యూనిట్లు మూడూ మూతపడ్డాయి. తెరిపించే ప్రయత్నాలు, కమిటీలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. మూతపడిన తరువాత ఎందరో రైతులు వరికి మళ్లారు. చెరకు వదలనివాళ్లు కామారెడ్డి వైపు ప్రైవేటు ఫ్యాక్టరీలకో, మంజీర అవతలికో పంపుకోవలసి వచ్చింది. ఈ మార్పును రైతు నష్టంగా, కార్మికుడి నష్టంగా చాలామంది రాశారు, అది నిజమే; కాని రవాణా దృష్టితో చూసినవాళ్లు తక్కువ. ఊరి పొలిమేర నుంచి శక్కర్‌నగర్ గేటు దాకా పట్టపగలు నాలుగైదు కోసులు పోయి వచ్చే బండి, ఇప్పుడు జాతీయ రహదారి ఎక్కి చీకటి పడ్డాక కూడా నడవాల్సిన బండి అయింది. బండి నడిపే చేయి మాత్రం అదే ఇంటి చేయి, చాలాసార్లు అదే వయసు చేయి.

ట్రాక్టరు విషయంలో చట్టం చూపించే వెసులుబాటు ఇక్కడే ఇబ్బందిగా మారుతుంది. ట్రాక్టరు తనంతట తాను సరుకు మోసే బండి కాదు, లాగే బండి. వ్యవసాయ ట్రాక్టరు రవాణా వాహనం కింద లెక్కకు రాదు కాబట్టి 18 నిండి తేలికపాటి వాహనపు లైసెన్సున్నవాడు దాన్ని నడపవచ్చు. పొలంలో దున్నేటప్పుడు అది సమంజసమే. కాని క్రషింగ్ రోజుల్లో, అంటే ఫ్యాక్టరీ చెరకు ఆడే చలికాలంలో, అదే ట్రాక్టరు వెనక ట్రాలీ తగిలించి, ట్రాలీ పక్కలకు మించి చెరకు పేర్చి, తాళ్లతో బిగించి రోడ్డెక్కిస్తే, అది ఏ పేరుతో పిలిచినా భారీ సరుకు బండే. పేర్చిన చెరకు ఎత్తు పెరిగిన కొద్దీ బరువు కేంద్రం పైకి పోతుంది, మలుపులో ట్రాలీ ఒరిగే గుణం పెరుగుతుంది. వెనక దీపాలు చెరకు ఆకుల కింద దాగిపోతాయి. ట్రాలీకి సొంత బ్రేకు లేనిచోట వెనక బరువంతా ముందున్న ట్రాక్టరునే నెడుతుంది. ఇవన్నీ తెలిసి జాగ్రత్తపడటం పొలంలో దున్నినంత సులువు కాదు. పద్నాలుగు, పదిహేనేళ్లకే పొలంలో ట్రాక్టరు తోలడం నేర్చిన పిల్లవాడు ఆ నేర్పునే రోడ్డు నేర్పుగా భావించడం, ఇంటివాళ్లూ అలాగే భావించడం ఈ సీమలో జరిగే మొదటి పొరపాటు.

రెండో దారి లారీ క్లీనర్‌గా చేరడం. పదో తరగతి తప్పినవాడో, ఇంటర్ మధ్యలో ఆపినవాడో తెలిసినవాళ్ల ద్వారా ఒక లారీ ఎక్కుతాడు. డ్రైవరును ఉస్తాద్ అంటాడు. టైర్లలో గాలి చూడటం, తాడూ తార్పాలినూ బిగించడం, రివర్సులో పక్క చెప్పడం, కాంటా దగ్గర చీటీ తేవడం, రాత్రి డ్రైవరు నిద్రపోకుండా మాటల్లో పెట్టడం అతని పని. స్టీరింగు అతని చేతికి మొదట వచ్చేది రోడ్డు మీద కాదు, లారీల బారులో. కోతల కాలంలో రైస్ మిల్లు ముందు వడ్ల లారీలు దించుకునే వంతు కోసం గంటలకొద్దీ, కొన్నిసార్లు రోజులకొద్దీ నిలబడతాయి; ముందు బండి కదిలినప్పుడల్లా వెనక బండి జరగాలి; అర్ధరాత్రి ఉస్తాద్ కేబిన్‌లో వెనక పడక మీద నిద్రపోతుంటే క్లీనరే క్లచ్ తొక్కి, ఫస్టు గేరు వేసి బండిని పదడుగులు జరుపుతాడు. అలా పదడుగులతో మొదలైనది మిల్లు ఆవరణలో రివర్సు దాకా, తరువాత తెల్లవారుజామున ఖాళీ హైవే మీద ఇరవై కిలోమీటర్ల దాకా పెరుగుతుంది. ఈ బడిలో పాఠం చెప్పేవాడికి చెప్పడం రాకపోవచ్చు, అలసిపోయి ఉండవచ్చు, శిష్యుడి మీద దయ ఉండవచ్చు లేకపోవచ్చు. అయినా దీన్ని తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో దిగాలో, తడిసిన వడ్ల లోడుకు పొడి లోడుకు బ్రేకు ఎలా తేడాగా పడుతుందో పదిహేను గంటల డ్రైవింగ్ స్కూలు నేర్పలేదు. రెండేళ్లు క్లీనరుగా తిరిగినవాడికి అది ఒంటబడుతుంది. ఈ దేశపు లారీ రవాణా వ్యవస్థ దశాబ్దాలుగా నిలబడ్డది ఈ లెక్కకెక్కని శిష్యరికం మీదే. దోషం ఆ శిష్యరికంలో కంటే, చట్టం దాన్ని చూడనట్టు నటించడంలో ఎక్కువ ఉంది. చూడనిదానికి వేళలు ఉండవు, జీతపు చీటీ ఉండదు, బీమా ఉండదు.

పని గంటల చట్టం ఉండనే ఉంది కదా అని అడగవచ్చు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం 14 నిండి 18 నిండనివారిని కౌమారులుగా లెక్కించి, వాళ్లచేత విశ్రాంతి అరగంటతో కలిపి రోజుకు ఆరు గంటలకు మించి, రాత్రి 10 నుంచి ఉదయం 6 మధ్య అసలే పనిచేయించకూడదని స్పష్టంగా రాసింది. పెద్దలకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పరిమితి పెట్టింది. 2020లో చేసిన వృత్తి భద్రత కోడ్‌లో ఈ చట్టాన్ని విలీనం చేశారు. చట్టం మంచిదే, కాని 2025లో కోడ్ అమలయ్యేదాకా అది వర్తించింది ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కార్మికులున్న సంస్థలకే. ఒక లారీ, రెండు లారీల ఓనర్లే ఎక్కువగా ఉన్న రంగంలో ఆ గడప దగ్గరే చట్టం ఆగిపోయింది. నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లు ఉండి తీరాలన్న నిబంధననూ కేంద్రం 2018లో సడలించింది. ఖర్చు తగ్గించే ఉద్దేశంతో చేసిన ఆ సడలింపు తరువాత రెండో డ్రైవరు స్థానంలో ఎవరు కూర్చుంటారో ఊహించడం కష్టం కాదు.

వయసు ఎందుకు ముఖ్యమన్న ప్రశ్నకు వైద్యశాస్త్రం, ప్రమాదాల లెక్కలు దాదాపు ఒకే మాట చెబుతాయి. తొందరను అదుపుచేసి, ముందు జరగబోయేదాన్ని అంచనా వేసే మెదడు ముందు భాగం ఇరవైల నడిమి దాకా పరిపక్వమవుతూనే ఉంటుంది. అమెరికాలో నడిపిన ప్రతి మైలుకు లెక్కగడితే 16 నుంచి 19 ఏళ్లవారికి ప్రాణాంతక ప్రమాదాల రేటు 20 దాటినవారితో పోలిస్తే దాదాపు మూడు రెట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 5 నుంచి 29 ఏళ్లవారి మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలే. మన దేశంలో 2022 ఒక్క ఏడాదిలోనే 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. ఈ అంకెలు కార్లవీ, బైకులవీ కలిపినవే గాని లారీలవి మాత్రమే కావు. కాని వేగం రెట్టింపైతే బండిలోని శక్తి నాలుగింతలవుతుందన్న భౌతిక సూత్రం బరువెక్కువ బండి మీద మరింత కఠినంగా పనిచేస్తుంది కాబట్టి, కారులో చిన్న తప్పు అనిపించుకునేది లారీలో కుటుంబాలను తుడిచేసే తప్పవుతుంది.

ఇక్కడ ఒక అపోహను ప్రత్యేకంగా ప్రస్తావించాలి. కుర్రవాడు నిద్ర ఓర్చుకుంటాడు, ఎన్ని గంటలైనా నడుపుతాడు అని ఓనర్లూ డ్రైవర్లూ సాధారణంగా అనుకుంటారు. శరీరశాస్త్రం దీనికి సరిగ్గా ఎదురుగా ఉంది. 13 నుంచి 18 ఏళ్లవారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్రా వైద్యుల సిఫారసు. ఆ వయసులో దేహ గడియారం ఆలస్యంగా నడుస్తుంది కాబట్టి రాత్రి పొద్దుపోయేదాకా మెలకువగా ఉన్నట్టే కనిపించి, సరిగ్గా తెల్లవారుజామున గాఢనిద్ర ముంచుకొస్తుంది. దూరప్రయాణపు లారీకి హైవే ఖాళీగా దొరికేదీ, ప్రమాదాలు ఘోరంగా జరిగేదీ ఆ వేళలోనే. 17 గంటలు ఏకధాటిగా మేలుకున్నవాడి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన చట్టంలో మద్యం పరిమితే 0.03 శాతం. తాగి నడపడాన్ని ఊదించి పట్టుకుంటాం, నిద్ర లేకుండా నడపడాన్ని కష్టజీవితనంగా మెచ్చుకుంటాం. రోడ్డు భద్రత మీద పనిచేసే సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2020లో దేశంలోని పది రవాణా కేంద్రాల్లో చేసిన అధ్యయనంలో డ్రైవర్లలో దాదాపు సగం మంది అలసటగా ఉన్నా బండి నడుపుతామని ఒప్పుకున్నారు. తమవాళ్లెవరినీ ఈ వృత్తిలోకి రమ్మని చెప్పబోమన్నవారు 84 శాతం. పెద్దల పరిస్థితే ఇది.

ఇతర దేశాల అనుభవం ఈ చర్చకు ఎంతో ఉపయోగపడుతుంది, అయితే దాన్ని సగం చదివి ఉదహరించడం ఎక్కువ. ఐరోపాలో 18 ఏళ్లకే లారీ ఇస్తున్నారన్న మాట నిజం. కాని 2003 నాటి యూరోపియన్ యూనియన్ ఆదేశంతో వచ్చిన నియమాల ప్రకారం 18 ఏళ్లకే భారీ లారీ నడపాలంటే 280 గంటల ప్రాథమిక శిక్షణ పొంది వృత్తి అర్హత పత్రం సంపాదించాలి. 21 నిండినవారికి దానిలో సగం, 140 గంటలు చాలు. ఆ పైన ప్రతి ఐదేళ్లకూ 35 గంటలు మళ్లీ చదువుకోవాలి. బ్రిటన్ 2009లో కనీస వయసును 21 నుంచి 18కి దించినప్పుడు ఈ అర్హత పత్రాన్నే షరతుగా పెట్టింది. జర్మనీలో లారీ డ్రైవరు వృత్తికి మూడేళ్ల అప్రెంటిస్‌షిప్ ఉంది. పైగా అక్కడ నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాలి, సాధారణంగా రోజుకు 9 గంటలకు మించి నడపకూడదు, బండిలోని యంత్రమే దాన్ని నమోదు చేస్తుంది. వయసు తగ్గింది గాని భారం తగ్గలేదు. కుర్రవాడి భుజం మీద నుంచి శిక్షణ సంస్థల మీదికి, యజమానుల మీదికి మారింది.

అమెరికాలో చాలా రాష్ట్రాలు తమ సరిహద్దుల లోపల 18 ఏళ్లకే లారీ అనుమతిస్తాయి, రాష్ట్రాల మధ్య నడపడానికి మాత్రం సమాఖ్య చట్టం 21 ఏళ్లు అడుగుతుంది. డ్రైవర్లు చాలడం లేదన్న రవాణా సంఘాల ఒత్తిడితో 2021 నవంబరు నాటి మౌలిక వసతుల చట్టంలో ఒక ప్రయోగాత్మక పథకం చేర్చారు. ఏ సమయంలోనైనా 3,000 మందికి మించకుండా 18 నుంచి 20 ఏళ్లవారు, 26 ఏళ్లు నిండిన అనుభవజ్ఞుడు పక్క సీట్లో కూర్చోగా, 120 గంటలు, 280 గంటలు చొప్పున రెండు దశలు పూర్తిచేయాలన్నారు. బండిలో తనంతట తాను బ్రేకు వేసే వ్యవస్థ, ముందు కెమెరా, గంటకు 65 మైళ్లు దాటనివ్వని పరికరం ఉండాలని ఆ పథకంలో షరతు పెట్టారు. ఈ షరతులకు ఒప్పుకుని ముందుకొచ్చిన సంస్థలు, కుర్రవాళ్లు అతి కొద్దిమంది. ఇది గట్టిగా గుర్తుంచుకోవలసిన విషయం: తక్కువ వయసువారు కావాలని కోరిన పరిశ్రమకు, వారిని జాగ్రత్తగా పెంచే ఖర్చు భరించవలసి వచ్చేసరికి ఆ కోరిక చాలామటుకు చల్లబడింది.

మన దగ్గర వయసు దించాలనేవారి వాదం బలహీనమైనది కాదు. పదహారేళ్లకు చదువు ఆగిపోయిన పేదింటి కుర్రవాడికి 20 దాకా నాలుగేళ్లు ఏ దారీ చూపకుండా గడువు పెట్టడం అంటే, అతన్ని క్లీనర్ సీటులోకో, హమాలీ పనిలోకో నెట్టడమే. ఈ జిల్లా నుంచి గల్ఫ్ దేశాలకు వలస పోవడం తరాలుగా సాగుతోంది. అక్కడ కూలివాడి జీతానికీ హెవీ లైసెన్సున్న డ్రైవరు జీతానికీ ఉన్న తేడా తెలిసిన కుటుంబం కొడుకు చేత వీలైనంత త్వరగా ఆ లైసెన్సు తీయించాలని చూడటం సహజం. 2007 నుంచి రవాణా లైసెన్సుకు ఎనిమిదో తరగతి చదువు తప్పనిసరి అన్న నియమాన్ని 2019లో తీసేసింది కూడా ఈ పేదలను దృష్టిలో పెట్టుకునే. బతుకుతెరువు వాదాన్ని అవమానించే హక్కు ఎవరికీ లేదు. అయితే దాని తర్కం నేర్చుకునే అవకాశం తొందరగా ఇవ్వమంటుంది గాని, రాత్రిపూట సరిహద్దులు దాటే బండిని ఒంటరిగా అప్పగించమనదు. ఈ రెంటినీ ఒకటిగా కలిపేయడం వల్లే చర్చ దారి తప్పుతోంది. దూరప్రయాణంలో డ్రైవింగ్ ఒక్కటే కాదు, ఇల్లు వదిలి వారాలకొద్దీ దాబాల దగ్గర, యార్డుల్లో గడిపే బతుకు కూడా ఉంది. హెచ్ఐవీ నివారణ కార్యక్రమాల్లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ దూరప్రయాణపు లారీ డ్రైవర్లను ప్రత్యేక వర్గంగా చూడవలసి వచ్చింది ఆ ఒంటరితనం వల్లే. పదిహేడేళ్లవాడికి ఆ బతుకు అప్పగించేముందు ఎవరైనా ఆగి ఆలోచించాలి.

ప్రమాదం జరిగినప్పుడు ఎవరిది బాధ్యత అన్నచోట చట్టంలో ఒక వింత ఖాళీ ఉంది. 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ ప్రకారం 18 నిండనివాడు బండి నడిపి నేరానికి పాల్పడితే, తమకు తెలియకుండా జరిగిందని నిరూపించుకోలేని సంరక్షకుడికి లేదా ఓనరుకు మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు, కుర్రవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు నిరాకరణ. కాని 18 నిండి 20 నిండనివాడు లారీ నడిపితే ఈ సెక్షన్ వర్తించదు; 180, 181 సెక్షన్ల కింద మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఒక్క ట్రిప్పు కిరాయితో పోలిస్తే ఆ జరిమానా ఓనరుకు లెక్కే కాదు. ఇరవై నిండనివాళ్లలో స్టీరింగు మీద ఎక్కువగా కూర్చునేది సరిగ్గా ఈ 18, 19 ఏళ్లవాళ్లే. బీమా విషయానికొస్తే, 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు సూత్రీకరించిన పద్ధతి ప్రకారం లైసెన్సు లేని డ్రైవరు వల్ల చనిపోయినవారి కుటుంబానికి బీమా సంస్థ ముందు పరిహారం చెల్లించి, తరువాత ఓనరు నుంచి రాబట్టుకోవచ్చు. బాధితుడికి ఇది రక్ష. ఒక్క లారీ మీద అప్పు తీర్చుకుంటూ బతికే ఓనరుకు మాత్రం ఇల్లూ పొలమూ అమ్ముకునే పరిస్థితి. ఇక పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల దాకా జైలు విధించే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ రెండో ఉపవిభాగం మీద 2024 జనవరి మొదట్లో దేశమంతా లారీలు ఆగి, హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన సంగతి తెలిసిందే. 2024 జూలై 1న సంహిత అమలులోకి వచ్చినా ఆ ఉపవిభాగాన్ని పక్కన పెట్టారు. శిక్ష పెంచే చర్చ అంత దూరం పోయింది, శిక్షణ పెంచే చర్చ మాత్రం వెనకే ఉండిపోయింది.

వీటన్నిటినీ కలిపి చూస్తే దూరప్రయాణానికి 20 ఏళ్ల గీతను దించడం తప్పవుతుంది. రాష్ట్రాలు దాటే రాత్రి ప్రయాణానికి దాన్ని ఇంకా పైకి జరిపినా అన్యాయం కాదు. కాని ఆ గీత కింద ఉన్న రెండేళ్లను ఖాళీగా వదిలేయడం అంతకంటే పెద్ద తప్పు. 18 నిండి, తేలికపాటి వాహనం మీద ఏడాది గడిపినవాడికి శిష్య లైసెన్సు ఒకటి ఉండాలి: పక్క సీట్లో ఐదేళ్ల అనుభవమున్న లైసెన్సుదారు కూర్చుని ఉండగా, పగటిపూట, చందూర్ కొనుగోలు కేంద్రం నుంచి నిజామాబాద్ మిల్లు దాకానో, పొలం నుంచి చక్కెర ఫ్యాక్టరీ దాకానో ఉన్నంత దూరంలో, గంటలు ఒక పుస్తకంలో నమోదవుతూ నడిపే హక్కు. మిల్లు బారులో దొంగచాటుగా జరిగే పాఠమే అప్పుడు బహిరంగంగా, బీమాతో జరుగుతుంది. దీనికి 4వ సెక్షన్ మూడో ఉపవిభాగాన్ని సవరించాలి, 1994లో చెరిపేసిన తరగతులను ఏదో ఒక రూపంలో తిరిగి తేవాలి, ట్రాలీ తగిలించిన ట్రాక్టరు రహదారి ఎక్కినప్పుడు దాన్నీ ఈ మెట్లలోకి తేవాలి. పక్క సీట్లో కూర్చునే ఉస్తాద్ కూలి ఎవరిస్తారన్నదే అసలు చిక్కు. ఒక్క లారీ ఓనరు మీద మోపితే అతను మళ్లీ రికార్డు లేని క్లీనరు వైపే పోతాడు. అందుచేత పర్మిట్ల మీద, సరుకు వాహనాల పన్నుల మీద రాష్ట్రం వసూలు చేసే సొమ్ములో కొంత ఈ శిక్షణకు కేటాయించి, నమోదైన గంటల లెక్కన ఉస్తాద్‌కు నేరుగా చెల్లించడమే పనికివచ్చే దారిగా కనిపిస్తుంది. కోతల కాలంలో వడ్ల రవాణా కాంట్రాక్టులు ఇచ్చేది ప్రభుత్వ సంస్థలే కాబట్టి, ఆ కాంట్రాక్టు షరతుల్లో డ్రైవరు వయసు, లైసెన్సు తనిఖీ, బండికి ఇద్దరు మనుషుల నిబంధన చేర్చడానికి పార్లమెంటు సవరణ దాకా ఆగనక్కర లేదు. వచ్చే యాసంగి టెండరులోనే రాయవచ్చు.